తమ్ముడికి మందు కుదరడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మనం ఎక్కడున్నాం?



పోయిన వారం మన గ్రూపులో జరిగిన గొడవ చూసే ఉంటారు. హాస్టల్లో ఒక అబ్బాయి "మెంటల్ మాత్రలు" వాడుతున్నాడని తెలిసి ఒకరు పోస్టు పెట్టారు. సగం మంది "ఆ మాత్రలు మనిషిని మొద్దు చేస్తాయి, మానేయమనండి, మన పసరు మందు చాలు" అన్నారు. మిగతా సగం మంది "డాక్టరు ఏది ఇస్తే అది వేసుకోవాలి, మూఢనమ్మకాలు వద్దు" అన్నారు. నేను రెండింటికీ లైకు కొట్టలేదు. ఎందుకో కామెంట్లో చెప్పలేను, కాబట్టి ఈ పోస్టు. పొడుగు ఎక్కువైంది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడి విషయం చెప్తాను. వాడికి చూపించి, వాడు సరే అన్నాకే పెడుతున్నాను. పేరు, ఊరు రాయను. పాడేరు వైపు అని మాత్రం అనుకోండి.

వాడికి ఆటిజం ఉందని మాకు తెలిసేసరికి పంతొమ్మిదేళ్ళు. అంతకుముందు అందరూ "బెరుకు", "మొండి" అనేవాళ్ళు. ఆశ్రమ పాఠశాలలో గంట కొడితే చెవులు మూసుకుని బల్ల కిందికి పోయేవాడు. అన్నం, పప్పు తప్ప వేరే కూర కలిస్తే తినేవాడు కాదు. కళ్ళలోకి చూసి మాట్లాడడని మాస్టారు కొట్టేవారు. అదే పిల్లాడు కొత్తవలస-కిరండోల్ లైనులో ఉన్న 58 సొరంగాలనీ వరసగా, ఏది ఏ స్టేషన్ల మధ్య వస్తుందో చెప్పేవాడు. ఇంత తెలివున్నోడికి ఏ జబ్బు ఉంటుంది అని మేము అనుకున్నాం.

ఇంటర్‌కి పట్నం పోయాక భయం మొదలైంది. మెస్సులో గోల, బస్సుల్లో తోపులాట, రోజూ మారే టైంటేబుల్. తెల్లారేసరికి కడుపులో తిప్పడం, చేతులు చెమటలు. ఒక డాక్టరుకి చూపించాం. అయిదు నిమిషాలు చూసి ఆందోళన అన్నారు, ఎస్సిటాలోప్రామ్ రాశారు. ఆ మందు చెడ్డది కాదు. ఆందోళనకి చాలామందికి బాగా పనిచేస్తుంది.

మూడు వారాల్లో మా తమ్ముడు మారిపోయాడు. ఎప్పుడూ నోరు తెరవనోడు అందరితో మాట్లాడుతున్నాడు. ఊరికి వచ్చి సంతలో తెలియనివాళ్ళకి చేతులు కలిపాడు. అమ్మ ఏడ్చింది, సంతోషంతో. "మందు పనిచేసింది, నా కొడుకు మనుషుల్లో పడ్డాడు" అంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత నిద్ర పోయింది. రాత్రంతా ఘాట్ రోడ్డు మీద నడుస్తున్నాడు. స్కాలర్‌షిప్ డబ్బు మొత్తం పంచేశాడు. కాఫీ తోటలన్నీ కొని రైలు వేయిస్తానన్నాడు. ఆపబోతే నాన్నని తోసేశాడు. పదో రోజుకి ఊరంతా కొండదేవత పట్టిందనే మాట.

అది మానియా. బైపోలార్ ఉన్నోళ్ళకి డిప్రెషన్, ఆందోళన మందులు ఒంటరిగా, మూడ్‌ని నిలబెట్టే మందు తోడు లేకుండా ఇస్తే కొందరిలో ఇలా జరగొచ్చు. ఇది డాక్టర్లకి తెలిసిన విషయమే. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా హుషారుగా రోజులు గడిపాడా? ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా? మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగినా మేము చెప్పేవాళ్ళం కాదేమో. ఎందుకంటే మా మేనమామ ఒకాయన పెళ్ళిళ్ళ సీజన్లో నెల రోజులు నిద్రపోకుండా డప్పు కొట్టేవాడు, తర్వాత నెలలు నెలలు గుడిసెలోంచి బయటికి రాడు. చివరికి ఎటో వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు. మా ఇంట్లో ఆయన పేరు ఎత్తరు. బైపోలార్ కుటుంబాల్లో నడిచే జబ్బు. మేము దాచిన ఆ ఒక్క మాట డాక్టరు చెవిన పడి ఉంటే మొదటి చీటీయే వేరేగా ఉండేది. సిగ్గు పడి దాచిన తప్పు మాది, అడగని తప్పు వాళ్ళది.

ఇక్కడ మూడు ముడులు ఉన్నాయి. ఇవి విడివిడిగా అర్థం కాకపోతే మందు ఎప్పటికీ కుదరదు.

ఆటిజం జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన మెదడు తీరు. దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ అనే రెండు మందులకి ఆటిజం ఉన్న పిల్లల్లో విపరీతమైన చిరాకు, కొట్టుకోవడం తగ్గించడానికి అమెరికాలో అనుమతి ఉంది. అంతే, ఆటిజాన్ని అవి మార్చవు. ఎవరైనా "ఆటిజం తగ్గించే మందు" అని డబ్బు అడిగితే నమ్మకండి.

బైపోలార్‌కి మందు ఉంది, కావాలి. మూడ్ నిలబడకుండా పైన ఏం చేసినా నిలవదు.

ఆందోళన రెండు చోట్ల నుంచి వస్తుంది. కొంత జబ్బులోంచి, కొంత మన చుట్టూ ఉన్న గోలలోంచి. గోలలోంచి వచ్చేదానికి మాత్ర ఇస్తే అది మాత్రతో పోదు.

మూడూ ఒకే మనిషిలో ఉంటే డాక్టర్లు కూడా తడబడతారు. ఒక విషయం గురించే గంటలు మాట్లాడితే ఆటిజమా, మానియానా? మాట్లాడకుండా మూలన కూర్చుంటే ఆటిజమా, డిప్రెషనా? దీనికి ఒకటే కొలత, ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడు అనేది. మా వాడు రైళ్ళ గురించి మూడు గంటలు మాట్లాడితే అది మామూలు. మూడు గంటలే పడుకుని అలసట లేదంటే అది మామూలు కాదు. ఈ తేడా అయిదు నిమిషాల్లో ఏ డాక్టరుకీ కనబడదు, ఇంట్లోవాళ్ళు చెప్పాలి.

ఇక మందుల వేట. ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఓలాంజపిన్, వాల్‌ప్రోయేట్ ఇచ్చారు. మానియా దిగింది, అది నిజం. కానీ రోజుకి పద్నాలుగు గంటల నిద్ర, అయిదు నెలల్లో పదకొండు కిలోలు. వాడికి ఒంటి మీద బట్ట బిగుసుకుంటేనే పడదు. తన ఒళ్ళు తనది కాదన్నట్టు ఏడ్చేవాడు. చెప్పకుండా మానేశాడు. వేసవిలో మళ్ళీ తిరగబడింది. రెండోసారి రిస్పెరిడోన్. ఈసారి నిద్ర కాదు, కాలు నిలవదు. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూనే ఉన్నాడు. ఆందోళన పెరిగిందని చెప్పి డోసు పెంచారు. నడక ఇంకా పెరిగింది. అది ఆ మందు వల్ల వచ్చే అకథీసియా అని, లోపల కుదురు లేకుండా చేస్తుందని, తగ్గించాల్సింది పోయి పెంచామని తర్వాత తెలిసింది. వాడు చెప్పలేకపోయాడు. "ఎలా ఉంది?" అంటే "ఉంది" అంటాడు. ఆటిజం ఉన్న చాలామందికి లోపల ఏమవుతోందో మాటలో పెట్టడం కష్టం. పైగా డాక్టరు తెలుగులో "ఆందోళనగా ఉందా, దిగులుగా ఉందా" అని అడుగుతారు. మన ఇళ్ళలో ఆ మాటలు ఎవరు వాడతారు? గుండె దడదడలాడుతోంది, తల బరువుగా ఉంది, తిండి సయించట్లేదు అంటాం.

మూడో డాక్టరమ్మ మొదటి రోజు మందు మార్చలేదు. చిన్నప్పటి నుంచి చెప్పమన్నారు. గంట, బల్ల, సొరంగాలు అన్నీ చెప్పాం. ఆటిజం అన్నమాట అప్పుడే విన్నాం. ఆమె చెప్పింది నాకు బాగా గుర్తుంది. ఆటిజం ఉన్నోళ్ళలో చాలామందికి మందులు తక్కువ డోసులోనే గట్టిగా పనిచేస్తాయి, చెడు ప్రభావాలూ ఎక్కువగా వస్తాయి, కాబట్టి చిన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, ఒకసారికి ఒక్క మందే మార్చాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో ఎవరికీ తెలీదు. పాతవి తగ్గిస్తూ లిథియం మొదలుపెట్టారు.

లిథియం పాత మందు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మానియాకి పనిచేస్తుందని రాశారు. చవక. మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మా వాడికి అదే కుదిరింది. నాలుగు నెలలకి నిద్ర నిలబడింది. నిద్ర నిలబడ్డాక భయం సగం దానంతటదే తగ్గింది. మిగతా సగానికి చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు, రోజూ ఒకే టైంటేబుల్, మెస్సులో అందరికన్నా ముందు తినే పర్మిషన్. ఇవి ఏ చీటీలోనూ రాయరు గానీ మందు ఎంతో ఇవీ అంతే.

మీ తమ్ముడికో చెల్లికో లిథియమే అడగమని నేను అనట్లేదు. ఇంకొకరికి లామోట్రిజిన్ కుదరొచ్చు, క్వెటియాపిన్ కుదరొచ్చు. నా అభిప్రాయం వేరే. మందు మనిషికి సరిపోతే చాలదు, ఆ మనిషి బతికే చోటుకీ సరిపోవాలి. మన చోటు గురించి పట్నం డాక్టరుకి మనం చెప్పకపోతే తెలీదు. కొన్ని రాస్తాను.

లిథియం మోతాదుకి, విషానికి మధ్య సందు చాలా సన్నం. రక్తంలో సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు, 1.5 దాటితే ప్రమాదం. అందుకని రక్తపరీక్ష, దాంతోపాటు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు వరసగా చేయించాలి. పరీక్ష చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి చేస్తారు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం పెరుగుతుంది. ఎండలో పోడు పని, మలేరియా జ్వరం, వాంతులు, విరేచనాలు, ఇవన్నీ మన ఇళ్ళలో మామూలే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు గట్టిగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. ఒళ్ళు నొప్పులకి ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ కూడా లిథియాన్ని పెంచుతాయి. మా వాడి జేబులో "లిథియం వాడుతున్నాడు, నొప్పి మాత్రలు, సూదులు అడగకుండా ఇవ్వొద్దు" అని చీటీ ఉంటుంది.

సికిల్ సెల్ మన జనంలో ఉంది. అది కిడ్నీని దెబ్బతీస్తుంది. సికిల్ సెల్ ఉంటే లిథియం మొదలుపెట్టకముందే డాక్టరుకి చెప్పాలి. ఆ కార్డు ఇంట్లో పెట్టెలో ఉంటే లాభం లేదు, చేతిలో ఉండాలి.

ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం వస్తే బిడ్డకి వెన్నెముక లోపాలు, బుద్ధి ఎదుగుదలలో లోపాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. మన దగ్గర పెళ్ళిళ్ళు తొందరగా అవుతాయని అందరికీ తెలుసు. వేరే మందు ఉందా అని ముందే అడగండి. ఇప్పటికే వాడుతుంటే భయపడి ఒక్కరోజులో మానేయొద్దు, డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

లామోట్రిజిన్ వారాల తరబడి కొంచెం కొంచెం పెంచాల్సిన మందు. దద్దుర్లు వస్తే, ముఖ్యంగా నోట్లో పుండ్లు, జ్వరంతో వస్తే ప్రాణం మీదికి రావొచ్చు, వెంటనే చూపించాలి. వాగు పొంగి వారం రోజులు మాత్రలు అందకపోతే మళ్ళీ పాత డోసు నుంచి వేసుకోకూడదు, డాక్టరుని అడిగి మొదటి నుంచి మొదలుపెట్టాలి. వానాకాలంలో దారి తెగే ఊళ్ళవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో చూడండి.

ఇంక జీలుగు కల్లు, సారా. పండగలో పోస్తే కాదనలేం అంటారు. ఈ మందులు వాడే మనిషికి పోయకండి. క్లోనజెపామ్, అల్ప్రజోలం లాంటివి వేసుకున్నోళ్ళకైతే ఊపిరి మీదికే రావొచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ అల్ప్రజోలం కూడా ఉంది. దొరక్కపోతే ఫిట్స్ వచ్చేంతగా ఒళ్ళు అలవాటు పడుతుంది. ఆందోళనకి ఇది రాస్తే ఎన్నాళ్ళకి, ఎప్పుడు, ఎలా తగ్గిస్తారు అని మొదటి రోజే అడగాలి.

ఇంకొక చిన్న విషయం, మాకు పెద్దదైంది. ఒక నెల అదే మందు వేరే కంపెనీది ఇచ్చారు. తెల్ల మాత్ర బదులు రంగు మాత్ర. మా వాడు "ఇది నాది కాదు" అని నాలుగు రోజులు వేసుకోలేదు. మొండితనం అనుకోవద్దు, వాడి మెదడుకి అది వేరే వస్తువే. ఇప్పుడు పాత అట్ట, కొత్త అట్ట పక్కపక్కన పెట్టి మందు పేరు చదివి చూపిస్తాను. ఒప్పుకుంటాడు.

ఇప్పుడు పసరు మందు గొడవ. మేము దిసారి దగ్గరికి పోయాం. దాచను. పూజ చేయించాం, కోడిని కోశాం. ఆయన అమ్మతో గంటసేపు కూర్చుని మాట్లాడాడు, అప్పటిదాకా ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ అంతసేపు మాట్లాడలేదు. వాడి మీద చేయి వేయలేదు, కట్టేయమనలేదు. ఆయన్ని తిట్టే హక్కు నాకు లేదు. కానీ పూజతో మానియా దిగలేదు, మాత్రతో దిగింది. ఇది కూడా దాచను. పూజ చేయించుకోండి, మాత్ర ఆపకండి. ఆకు పసరు తాగితే ఏ ఆకో డాక్టరుకి చెప్పండి. గొలుసు వేసే వాళ్ళ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఉంచొద్దు. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

ఆ చట్టం గురించి మన గ్రూపులో ఎవరూ రాయగా నేను చూడలేదు. అటవీ హక్కుల చట్టం, పీసా సెక్షన్లతో సహా చెప్తాం కదా, ఇదీ నేర్చుకోవాలి. వైద్యం కోసం మనిషి దూరాలు తిరగాల్సిన పని ఉండకూడదని, సేవ దగ్గర్లో ఉండాలని 18వ సెక్షన్ అంటుంది. ప్రతి జిల్లాలో కనీస సేవలు ఉండాలి. లేకపోతే అదే జిల్లాలో వేరే చోట చూపించుకున్న ఖర్చు ప్రభుత్వం భరించాలి. జాబితాలో ఉన్న మానసిక మందులు సీహెచ్‌సీ నుంచి పై ఆసుపత్రుల దాకా ఉచితంగా ఇవ్వాలి. చికిత్స వివరాలు మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇక 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం, మానసిక అనారోగ్యం రెండూ ఉన్నాయి. 40 శాతం, ఆపైన సర్టిఫికెట్ వస్తే ఉన్నత చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది. మనోళ్ళు సదరం క్యాంపుకి కాలు విరిగితేనే పోవాలనుకుంటారు.

చట్టం అలా ఉంది. మా వాడి లిథియం రక్తపరీక్షకి ఇప్పటికీ వంద కిలోమీటర్ల పైన ఘాట్ దిగి విశాఖ పోవాలి. ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు ఇద్దరివి, వాడికి బస్సు గోల వల్ల మళ్ళీ రెండు రోజులు నిద్ర పట్టదు. మందు చవకే, పరీక్ష ఖరీదు. ఒక్క పరీక్ష తప్పినా నాకు భయమే. ఇలాంటప్పుడు "మాత్రలు మానేశారు, చదువులేని జనం" అని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. ఆ రోడ్డు ఎక్కి చూడమనండి.

అందుకే గొడవ మనలో మనకి కాదు. మందా, పసరా అని కొట్టుకుంటుంటే అడగాల్సినవాళ్ళని ఎవరు అడుగుతారు? నాకు తోచింది ఇది.

ఒకటి, లిథియం పరీక్షకి రక్తం ఏజెన్సీలోనే తీసి పంపే ఏర్పాటు కావాలి. టీబీకి కఫం తీసి పంపుతున్నారు, దీనికి రక్తం పంపలేరా? రెండు, మందుల సరఫరా ఒకటి రెండు నెలలకి కలిపి ఇవ్వాలి, వానాకాలానికి ముందు తప్పకుండా. మూడు, ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో వార్డెన్లకి, ఏఎన్‌ఎంలకి ఆటిజం, బైపోలార్ గురించి కనీసం ఒక రోజు శిక్షణ. మందు వాడుతున్నాడని పిల్లాడిని ఇంటికి పంపేయకూడదు. ఐటీడీఏ పీఓ గారికి అర్జీ రాశాను. సంతకాలకి వచ్చే ఆదివారం మీ దగ్గరికి వస్తాను.

మన చేతిలో ఉన్నది కూడా ఒకటి ఉంది. ఒక నోటు పుస్తకం. రోజుకి ఒక లైను. ఎన్ని గంటలు నిద్ర, ఎన్నిసార్లు తిన్నాడు, డబ్బు ఎంత ఖర్చు పెట్టాడు, చేయి వణికిందా, ఏ మాత్ర ఎంత. "ఎలా ఉన్నావు" అని అడక్కండి, అంకెలు అడగండి. మా పుస్తకం చూసే డాక్టరమ్మ డోసు సరిచేశారు. చదువుకున్న మనం మన ఊళ్ళో ఒక్కొక్క ఇంటికి ఈ పుస్తకం రాసిపెట్టినా చాలు. ఇప్పటికిప్పుడు ఎవరికైనా కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే మాత్రం ఫోన్‌తో ఆగకండి, పక్కనే ఉండి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పోస్టు చదివి తమ్ముడు రెండు మాటలు కలపమన్నాడు, వాడు చెప్పినట్టే రాస్తున్నాను.

"మందు పనిచేస్తుందా అని అక్కని అడుగుతారు. నన్ను అడగండి. టైం ఇస్తే చెప్తాను. మందు వేసుకుంటే నేను వేరే మనిషిని అవ్వలేదు, సొరంగాలు ఇంకా గుర్తున్నాయి."

హాస్టల్లో ఆ అబ్బాయిని మాత్రలు మానమని చెప్పినవాళ్ళు, నోరుమూసుకుని వేసుకోమన్నవాళ్ళు, ఇద్దరూ ఒకసారి వాడి దగ్గరికి పోయి కూర్చోండి. ఏ మాత్ర, ఎప్పటి నుంచి, ఏం ఇబ్బందిగా ఉంది అని అడగండి. రేపు డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు తోడు ఎవరు వెళ్తారో కింద కామెంట్లో పేరు రాయండి. మొదటి పేరు నాది.

జోహార్.